పాదముద్ర పెరగవలెను

పొదుపు తప్పని నేనెప్పుడూ అనలేదు. ఇంగువ అయిపోయిన డబ్బాను వేణ్ణీళ్ళతో కడిగి, ఆ నీళ్ళతో ఇంకో రెండు పూటలు పులుసు కాచిన చెయ్యి నాది. అందుకని డీజిలు పొదుపు చెయ్యాలని ప్రభుత్వంవారు మైకు పెట్టుకుని మా కాకరలంక వచ్చినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. మా కోడలు సుభద్ర నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అత్తయ్యా, ఆయనింకా మైకు సరిచేసుకుంటన్నారు. మాట్టాడ్డం మొదలెట్టలేదు" అంది.

ఆ మైకు సరిచేసుకుంటున్నాయన పేరు భాస్కరానందం గారు. ఇంధన పొదుపు శాఖాధికారి. తెల్లటి మనిషి, మెళ్ళో కొలతల టేపు. డాక్టరుగారికి గొట్టం ఎలా ఉంటుందో ఆయనకు టేపు అలా ఉండేది.

ఆయన మాటలు చెప్పేముందు మా సంగతి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. మాకున్న ఆధారం అరటితోట, మా అబ్బాయి త్రిమూర్తులు నడిపే చిన్న ట్రక్కు. మా తోటల్లోంచి వచ్చే పుంత దారి తిన్నగా కాలువ మీది వంతెనకు వెళ్తుంది. వంతెన దిగితే ఎదురుగా మార్కెట్ యార్డు గేటు. అంతా గీత గీసినట్టు ఒకే వరస. ఆ వంతెన తెల్లదొరలు ఎడ్లబండి కోసం కట్టించింది, అందుకని మా చిన్న ట్రక్కు తప్ప ఏ లారీ దాని మీద పట్టదు. ఊళ్ళో గెలలన్నీ మావాడే తోలేవాడు. గెల కొట్టాక అరటి ఎవరి కోసమూ ఆగదు కదా. పెద్ద వరద వచ్చిన ఏడు వంతెన మునిగి, సరుకు దాటక, ఊరంతా అరటిపళ్ళే తిన్నాం. పొద్దున అరటిపళ్ళు, మధ్యాహ్నం అరటిపళ్ళు. ఆఖరికి ఊరకుక్కలు కూడా మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుని పోయేవి.

ఇక భాస్కరానందం గారి ఉపన్యాసం.

"జాతి యొక్క చమురు జాతి యొక్క నెత్తురు. అట్టి నెత్తురును ప్రతి వాహనమును మితముగా త్రాగవలెను. అయితే మా శాఖ న్యాయదృష్టి కలిగిన శాఖ. చిన్న వాహనము చిన్న ప్రాణి కాన, లీటరుకు ఎక్కువ దూరము పోవలెను. పెద్ద వాహనము పెద్ద ప్రాణి. దాని నుండి అంతటి శ్రమను ఆశించుట అమానుషము. కావున నాలుగు చక్రముల నడుమ గల నేలను కొలిచి, దానికి పాదముద్ర అని నామకరణము గావించితిమి. పాదముద్ర పెరుగుకొలది లక్ష్యము తగ్గును. లక్ష్యము చేరిన వాహనమునకు ఆకుపచ్చ బిళ్ళ ఇవ్వబడును. బిళ్ళ లేని వాహనము మార్కెట్ యార్డునందు ప్రవేశింపరాదు."

నాకు వెంటనే అర్థమైంది. నేను మూడో తరగతితో మానేశాను గానీ, మా తమ్ముడు పైదాకా చదివాడు. వాళ్ళ బళ్ళో పంతులుగారిది ఇదే పద్ధతి. చురుకైన పిల్లాణ్ణి పదహారో ఎక్కం అడిగేవారు, తప్పితే బెత్తం. మొద్దు పిల్లాణ్ణి రెండో ఎక్కం అడిగేవారు, వాడు చెప్పేవాడు, వాడి జేబులో బెల్లంముక్క పెట్టేవారు. చాలా న్యాయమైన మనిషి. రెండేళ్ళు తిరిగేసరికి ఆ బళ్ళో చురుకైన పిల్లాడు ఒక్కడు కూడా మిగల్లేదు.

పరీక్షరోజున మా త్రిమూర్తులు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి కాలువ అవతలి రోడ్డుకు తీసుకెళ్ళాడు. లీటరుకు ఇరవైరెండు కిలోమీటర్లు వెళ్ళింది. ఆ సైజు బండి ఇరవైఆరు వెళ్ళాలట. మా వెనకే పదిచక్రాల ఇసుక లారీ ఒకటి ఆ రోడ్డంతా పొగ కప్పేస్తూ, దగ్గుతూ, ఆగుతూ నాలుగు కిలోమీటర్లు వెళ్ళింది. దాని సైజుకు మూడున్నర చాలట. లారీకి ఆకుపచ్చ బిళ్ళ అంటించి, డ్రైవరుకు శాలువా కప్పారు. ఆ పొగలో శాలువా ఎవరి భుజాల మీద పడిందో కాసేపు తెలియలేదు.

మావాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబుగారండి, ఇంజనుకేవైనా పని చేయించమంటారాండి? టైర్లు మార్చమంటారా?"

"ఇంజను జోలికి పోవలదు" అన్నారు భాస్కరానందం గారు. "మీ వాహనము యొక్క లోపము ఇంజనునందు లేదు. దాని చిన్నతనమునందు ఉన్నది."

"అంటే ఏం చెయ్యమంటారండి?"

"పాదముద్ర పెరగవలెను."

"పెద్దదైతే ఇంకా ఎక్కువ తాగద్ది కదండి."

"త్రాగనిండు. అప్పుడది నిబంధనలకు లోబడి త్రాగును. ఇప్పుడు నిబంధనలకు విరుద్ధముగా పొదుపు చేయుచున్నది."

మావాడు నా వైపు చూశాడు. నేను అధికారిగారి వైపు చూశాను. అంత చదువుకున్న మనిషి మొహం మీద చిన్న అనుమానం కూడా లేదు.

బళ్ళకు బాడీలు కట్టే సిలారు షెడ్డు కాలువ గట్టున ఉంది. మేం వెళ్ళేసరికే అక్కడ జాతరలా ఉంది. బండ్లన్నీ నడుములు కోయించుకుని పడున్నాయి. గోడ మీద "ఇచ్చట పాదముద్రలు పెంచబడును" అని కొత్త అక్షరాలు. సిలారు మా త్రిమూర్తులుతో కలిసి గోళీలాడినవాడే, వాడికి పాలకోవా పెట్టిన చేతులివి.

"మామ్మగారండి, వెడల్పు పెంచితే వంతెన పట్టదు" అన్నాడు వాడు, బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చి. "మీకు దారిలో మలుపు లేదు కదా, అదే మీ అదృష్టం. పొడుగు లాగేద్దాం. ఎంతదాకా అయినా లాగొచ్చు."

"ఎంతదాకా అంటే ఎంతరా?"

"అధికారిగారి టేపుందే, అంతదాకానండి."

నడుము దగ్గర కోసి, ఇనప దూలాలు పెట్టి, ఇంకో జత చక్రాలు తగిలించి లాగాడు. కొత్త చక్రాలకు మళ్ళీ నిమ్మకాయలు, మళ్ళీ కొబ్బరికాయ. బండి కొలత పెరిగింది, రావలసిన మైలేజీ పదిహేనుకు దిగింది. మేం సంతోషించాం. తీరా నడిపితే ఆ ఇనుము బరువుకి పద్నాలుగే వచ్చింది.

"అతి సమీపమునకు వచ్చితిరి. నిరుత్సాహపడవలదు" అని భాస్కరానందం గారు మావాడి భుజం తట్టారు. నిజంగా మంచి మనిషి. బిళ్ళ కోసం ప్రయత్నిస్తున్న బండి అని చెప్పి యార్డు గేటు దగ్గర తాత్కాలికంగా వదలమన్నారు కూడా.

మళ్ళీ లాగించాం. పది రావాలన్నారు, తొమ్మిదిన్నర వచ్చింది. మళ్ళీ లాగించాం. లాగినకొద్దీ ఇనుము, ఇనుము పెరిగినకొద్దీ తాగుడు, తాగుడు పెరిగినకొద్దీ మళ్ళీ లాగుడు. ఇదివరకు సీసాతో డీజిలు తెచ్చుకునేవాడు, ఇప్పుడు డీజిలు తేవడానికే వేరే బండి కావలసివచ్చింది. వెనక్కి తిప్పడానికి స్థలం లేక పొద్దున ముందుకు వెళ్ళి సాయంత్రం అలాగే వెనక్కి వచ్చేవాడు. తోక దగ్గర సుభద్ర నిలబడి ఈల ఊదాలి. నలుగురిలో గట్టిగా నవ్వని పిల్ల, ఈల మాత్రం రైలు గార్డులా ఊదడం నేర్చుకుంది.

ఊరు ఊరంతా ఇదే ఊపు. పాలు పోసే గన్నెయ్య తన ఆటోను పొడుగు చెయ్యలేదు, వెడల్పు చేయించాడు. ముందు చక్రాన్ని కూడా రెండు చేసి, రెండువైపులా ఇనప గొట్టాలు పెట్టి చక్రాలను దూరం జరిపించాడు, ఆటో ఎండ్రకాయలా తయారైంది. రోడ్డు మధ్య పడుకున్న గేదెలు ఇక లేవక్కర్లేదు, ఆటో వాటి మీదుగా వెళ్ళిపోయేది. గేదెలకు ఈ నిబంధన బాగా నచ్చింది. భాస్కరానందం గారి జీపు సంగతి చెప్పనే లేదు. పై అధికారి జీపు కన్నా చిన్నగానూ కింది ఉద్యోగి జీపు కన్నా పెద్దగానూ ఉండాలి గనక అది నెలనెలా పెరుగుతూ పోయింది. చివరికి ఆఫీసు బల్లలూ కుర్చీలూ బీరువాలూ అందులోకే వచ్చేశాయి. వెనక సీట్లో ఉన్న గుమాస్తాగారు ముందు సీట్లో ఉన్న అధికారిగారికి కాగితం ఇవ్వాలంటే సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. ఆ సైకిలుకు కూడా బిళ్ళ ఉందా అని ఎవరో వెటకారంగా అడిగారు. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది.

కార్తీకమాసం వచ్చింది. అరటిపండుకు అదే పెళ్ళి ముహూర్తం. ఊరంతా గెలలు కొట్టి మా బండి మీదే వేశారు, వేరే దారి లేదు మరి. ఆ పూట సరుకు దాటకపోతే అందరి ఏడాది కష్టం కాలువ గట్టున కుళ్ళుతుంది. పైగా తాత్కాలికంగా వదలడం ఆ రోజుతో ఆఖరు, ఆ వేళ బిళ్ళ రాకపోతే త్రిమూర్తులు బండి ఇక యార్డు గడప తొక్కడానికి లేదన్నారు. అందుకని ముందురోజే సిలారు ఆఖరి లాగుడు లాగాడు. "ఇంతకంటే లాగితే మా షెడ్డు పట్టదు మామ్మగారండి" అన్నాడు. షెడ్డు అప్పటికే పట్టలేదు, వెనక గోడ తీసేశాడు.

పొద్దున్నే బండి కదిలింది. నేనూ సుభద్రా తోట దగ్గర తోక పక్కన ఉన్నాం. బండి అలా పోతూనే ఉంది. కాసేపటికి నా సెల్లు మోగింది.

"అమ్మా, యార్డులోకి వచ్చేశాను" అన్నాడు త్రిమూర్తులు.

"నాయనా, నువ్వింకా తోటలోనే ఉన్నావురా" అన్నాను.

"లేదమ్మా, గేటు దాటాను. కాటా వేసేవాళ్ళు కనపడతన్నారు."

"మరి నీ వెనక చక్రాల పక్కన నేను నిలబడున్నాను కదా. వాటి మీద కోడి కూడా ఎక్కింది."

ఇద్దరిదీ నిజమే. ముందు చక్రాలు యార్డులో, వెనక చక్రాలు మా పుంతలో, మధ్య చక్రాలు వంతెన మీద. సరిగ్గా అప్పుడే, తెల్లదొరల వంతెన ఒక్క మూలుగు మూలిగి, ముసలమ్మ పీట మీద కూర్చున్నట్టు నెమ్మదిగా కాలువలోకి కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దాని మీద మనుషులెవరూ లేరు. బండి మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూలంలా నిలిచిపోయింది. మధ్య చక్రాలు గాల్లో కాసేపు తిరిగి, లాభం లేదని తెలుసుకుని ఆగిపోయాయి.

సుభద్ర నోట్లో ఈల అలాగే ఉండిపోయింది. తీసి మెల్లగా అంది, "అత్తయ్యా, వంతెన లేదు, బండి కదలదు. ఊరి సరుకంతా మన నెత్తిన పడింది."

నేను బండి వెనక తలుపు తీసి లోపలికి చూశాను. ఆ చివర, బాగా దూరంలో, చిన్నగా వెలుతురు, ఆ వెలుతురులో కాటా. మధ్యంతా గెలలు.

"ఒసే పిచ్చిదానా, సరుకు చేరిపోయింది కదే" అన్నాను. "ఆ చివర గెలలు దించమను. ఈ చివరవి చేతులు మార్చుకుంటూ ముందుకు జరుపుదాం."

ఊరంతా బండిలోకి ఎక్కింది. చేతుల మీదుగా గెలలన్నీ మధ్యాహ్నం భోజనాల వేళకు యార్డులో దిగాయి. ఒక్క పండు మెత్తబడలేదు, ఒక్క చుక్క డీజిలు కాలలేదు. సాయంత్రానికి బడిపిల్లలు మా బండిలోంచి నడిచి ఇళ్ళకు వచ్చారు. మర్నాడు ఓ పెళ్ళివారు బాజాలతో సహా అందులోంచి దాటారు. పెళ్ళికొడుకు లోపల తల వంచి నడవాల్సి వచ్చింది, అలవాటవుతుందిలే అన్నాం.

మూడోనాటికి భాస్కరానందం గారు వచ్చారు.

"వాహనమును పరీక్షకై నడిపి చూపవలెను" అన్నారు.

"అయ్యగారండి, ఇది కదిల్తే ఊరికి దారుండదండి" అన్నాడు త్రిమూర్తులు. పాపం, మూడు రోజులుగా వాడి కంటికి కునుకు లేదు. బిళ్ళ లేకపోతే బండి పట్టుకుపోతారు, పట్టుకుపోతే ఊరంతా మమ్మల్ని తిడుతుంది. కదిపితే పట్టుకుపోయేదాకా కూడా ఆగదు, కాలువలో పడుతుంది.

"కదలని వాహనమునకు మైలేజీ లెక్కించుట ఎట్లు?" అన్నారు అధికారిగారు. "సున్న లీటర్లకు సున్న కిలోమీటర్లు. ఇట్టి ఫలితము మా పట్టికయందు లేదు."

అంతలో కాలువ అవతలి నుంచి వంతెనల శాఖ ఇంజనీరు పీతాంబరం గారు బండి లోపలి నుంచే నడుచుకుంటూ వచ్చారు. కూలిన వంతెన చూసి పోదామని వచ్చిన మనిషి. కొత్త వంతెన కోసం ఈయన ఉద్యోగంలో చేరిననాడు పెట్టిన ప్రతిపాదన, రిటైరయ్యే వేళకు ఇంకా పైనే ఉందట. ఆయన బండి నేలను బూటుతో తొక్కి చూశారు, దూలాలు తట్టి చూశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవరయ్యా నిర్మాణము గావించినది? మా శాఖలో ఇంత దృఢముగా ఎవరూ చేయరే" అన్నారు.

"అది వాహనము" అన్నారు భాస్కరానందం గారు. "దానికి చక్రములు కలవు."

"అది వంతెన" అన్నారు పీతాంబరం గారు. "దాని క్రింద నీరు కలదు."

"చక్రములు గల ప్రతి వస్తువును మా శాఖ పరిధిలోనిది."

"నీటి పైన గల ప్రతి వస్తువును మా శాఖ పరిధిలోనిది. పడవ తప్ప. పడవల శాఖవారితో మాకు మాటలు లేవు."

ఇద్దరూ చాలాసేపు మర్యాదగా దెబ్బలాడుకున్నారు. నేను ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను. ఎండలో నిలబడి శాఖల కోసం అంత పాటుపడే మనుషుల్ని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. చివరికి ఒప్పందం కుదిరింది. వంతెన అని వంతెనల శాఖ రిబ్బను కత్తిరించింది. ఇంధనం బొత్తిగా తాగకుండా ఊరి సరుకంతా దాటించిన మొదటి వాహనం అని పొదుపు శాఖ తన లెక్కలో వేసుకుంది. భాస్కరానందం గారికి పై ఊళ్ళో సన్మానం జరిగింది. ఆకుపచ్చ బిళ్ళను వంతెన మొగదల అంటించారు. కింద "భారీ వాహనములకు ప్రవేశము లేదు" అని కూడా రాశారు.

అందరూ బాగుపడ్డారు, మా త్రిమూర్తులు తప్ప. బండి వంతెనైపోయాక వాడికి బండి లేదు. కొన్నాళ్ళు వంతెన మొగదల్లో కూర్చుని, దాటేవాళ్ళను చూస్తూ, "నెమ్మదండి, అక్కడ గేరు కర్ర ఉంటది, తగుల్తది" అని చెబుతూ ఉండేవాడు. బండిలో పుట్టినవాడిలా బతికినవాణ్ణి అలా చూడలేక సుభద్ర వాడికో తోపుడుబండి కొనిపెట్టింది. తోటలో గెలలు ఎక్కించుకుని, పాత బండి కడుపులోంచి తోసుకుంటూ వెళ్ళి యార్డులో దింపేవాడు. ఊరివాళ్ళు మళ్ళీ గెలలు వాడికే ఇచ్చారు. నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళసాగాయి.

అప్పుడు మళ్ళీ వచ్చారు భాస్కరానందం గారు. యార్డు గేటు దగ్గర తోపుడుబండిని ఆపారు. నేను మావాడికి అన్నం పట్టుకుని అక్కడే ఉన్నాను.

"దీనికి బిళ్ళ లేదు" అన్నారు.

"ఇది డీజిలు తాగదండి. నేనే తోత్తాను."

"అయితే తోయువాడే ఇంజను. ఇంజను ఏమి త్రాగును?"

"మజ్జిగండి."

"చెంబునకు ఎంత దూరము?"

మావాడు తలగోక్కున్నాడు. "ఓసారి యార్డుకొచ్చి, మళ్ళీ తోటకెళ్ళేలోగా ఓ చెంబండి. ఎండగా ఉంటే మరో సగం."

భాస్కరానందం గారి మొహం గంభీరమైపోయింది. మావాణ్ణి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడమన్నారు. పాదాల మధ్య నేల కొలిచారు. భుజాలు కొలిచారు. నడుము చుట్టూ టేపు వేస్తే టేపు జారి కిందపడింది. పెదవి విరిచారు. ఈ బండి కూడా పోతే వాడు నిజంగానే ఏమైపోతాడో.

"ఇంతటి అల్పమైన పాదముద్ర గల ఇంజను చెంబెడు మజ్జిగతో నాలుగు మార్లు పోయి రావలెను. ఇది ఘోరమైన దుబారా" అన్నారు.

"ఏం చెయ్యమంటారు బాబూ?" అన్నాను.

"ఏమున్నదమ్మా, నిబంధన స్పష్టము. మీ కుమారుని పాదముద్ర పెరగవలెను."

ఇన్నేళ్ళలో ప్రభుత్వంవారు చాలా మాటలు చెప్పారు, అన్నింటికీ చప్పట్లు కొట్టాను. తిన్నగా నా గుండెల్లోకి వచ్చి కూర్చున్న మాట మాత్రం ఇదొక్కటే.

"ఎంతదాకా పెరగాలి బాబూ?"

"గరిష్ఠ పరిమితి ఏదియు విధింపబడలేదు."

నేను అక్కడే, యార్డు గేటు పక్కన నేల మీద కూర్చుని క్యారేజీ విప్పాను.

"అమ్మా, పొద్దున తిన్నాను కదే, చాలు" అన్నాడు త్రిమూర్తులు.

"నువ్వు నోరు మూసుకో" అన్నాను, ముద్దపప్పు మీద నెయ్యి వంచుతూ. "నోరు మూసుకోకు, తెరు. బిళ్ళ కావాలా వద్దా?"

భాస్కరానందం గారు టేపు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డారు. మొదటి ముద్ద దిగాక ఒకసారి కొలిచారు.